బండి పిలిచిన మర్నాటికే సెప్టిక్ ట్యాంకు మళ్లీ నిండిపోతే?

ప్రశ్న: మాది శ్రీకాకుళంలో నాగావళికి దగ్గర్లో ఉన్న వీధి. ఒక్క అంతస్తు ఇల్లు, కట్టి పదహారేళ్లయింది. ఇంట్లో అయిదుగురం. రెండేళ్ల కిందట మా వీధిలో సిమెంటు రోడ్డు, కొత్త కాలువ వేశారు. అప్పట్నుంచి గట్టి వాన పడిందంటే చాలు, లెట్రిన్‌లో పోసిన నీళ్లు దిగవు. బాత్‌రూమ్ జాలీలోంచి నల్లటి నీళ్లు పైకి తన్నుకొస్తున్నాయి. మొన్న ముసురులో సెప్టిక్ ట్యాంకు బండిని పిలిచి మొత్తం తోడించాం. మర్నాడు పొద్దున్నకి మళ్లీ నిండుగా ఉంది. ట్యాంకు చాలడం లేదు, పక్కన ఇంకోటి కట్టాలి, 70 వేలవుతుందని మేస్త్రి అంటున్నాడు. ప్లంబరు యాసిడ్ పొయ్యమన్నాడు. ఎదురింటి బాబాయిగారేమో ట్యాంకు గొడవే లేకుండా లెట్రిన్ పైపు నేరుగా కాలువలో కలిపేయమంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
– ఒక గృహిణి, శ్రీకాకుళం

సమాధానం: ముగ్గురి మాటా కాసేపు పక్కన పెట్టండమ్మా. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. తోడించిన మర్నాడు పొద్దున్నకే నిండిపోయిందన్నారు కదా, లెక్క అక్కడ మొదలుపెడదాం.

అయిదుగురుండే ఇంటికి మన వైపు కట్టే ట్యాంకు లోపలి కొలత పొడవు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు, నీళ్ల లోతు నాలుగున్నర అడుగులు అనుకోండి. మొత్తం 81 ఘనపుటడుగులు, అంటే దాదాపు 2,300 లీటర్లు. స్నానాలు, లెట్రిన్, బట్టలు అన్నీ కలిపి మీరు రోజుకి 500 లీటర్లు వాడతారనుకున్నా ఖాళీ ట్యాంకు నిండటానికి నాలుగైదు రోజులు పట్టాలి. రాత్రికి రాత్రి అన్ని నీళ్లు మీ ఇంట్లోంచి దిగే అవకాశం లేదు. అవి బయటినుంచి వచ్చాయి. బయటినుంచి వచ్చే నీళ్లకి మీరు ఇంకో ట్యాంకు కట్టిస్తే, 70 వేలు పెట్టి వీధి కాలువకి చోటు ఇచ్చినట్టు అవుతుంది.

ఇంకో మాట. సెప్టిక్ ట్యాంకు నిండుగా కనిపించడం రోగం కాదు. అది ఎప్పుడూ అవుట్‌లెట్ పైపు అడుగు మట్టం దాకా నిండే ఉంటుంది. ఇటు ఒక బకెట్టు పడితే అటు ఒక బకెట్టు పోవాలి, అంతే. మూత తీసి చూడగానే నీళ్లు కనిపిస్తే నిండిపోయిందని బండిని పిలిచేవాళ్లు ఎంతమందో. చూడాల్సింది నీళ్లున్నాయా అని కాదు, అవుట్‌లెట్ పైపు నోరు నీళ్ల పైన కనిపిస్తోందా, మునిగిపోయిందా అని. మునిగి ఉంటే నీళ్లకి బయటికి దారి లేదన్నమాట.

బయటి నీళ్లు రావడానికి మూడు దారులుంటాయి. వీధి కాలువ ఎదురు తన్నడం ఒకటి. భూమిలో ఊట పైకొచ్చి ట్యాంకు గోడల పగుళ్లలోంచి దూరడం రెండోది. మూడోది చాలామంది అసలు చూడరు: మేడ మీద వాన నీళ్ల పైపుని తీసుకొచ్చి లెట్రిన్ ఛాంబరులో కలిపేసి ఉండటం. వెయ్యి చదరపు అడుగుల శ్లాబు మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 4,600 లీటర్లు. అది మీ ట్యాంకుకి రెండింతలు. ముందు ఆ పైపు ఎక్కడ దిగుతోందో చూడండి. ఛాంబరులోకే దిగుతుంటే ఇవాళే కోయించి విడిగా బయటికి వదలండి. మహా అయితే ఒక బెండు, నాలుగడుగుల పైపు ఖర్చు.

మీ విషయంలో గట్టి అనుమానం మాత్రం కాలువ మీదే, ఎందుకంటే బాధ కొత్త రోడ్డుతో మొదలైంది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర సిమెంటు వేస్తే వీధి లేస్తుంది, దాంతోపాటు కాలువా లేస్తుంది. ఇల్లు మాత్రం పదహారేళ్ల కిందటి మట్టంలోనే ఉండిపోతుంది. దీన్ని కళ్లతో చూసి తేల్చుకోవచ్చు. మేస్త్రి దగ్గర లెవెల్ గొట్టం ఉంటుంది, అదే నీళ్లు నింపిన సన్నటి తెల్ల పైపు. లోపల గాలి బుడగ లేకుండా చూసుకోమనండి, బుడగ ఉంటే లెవెల్ తప్పుతుంది. బాత్‌రూమ్ నేలని సున్నా అనుకుని నాలుగు చోట్ల కొలిపించండి: ట్యాంకులోకి వచ్చే పైపు అడుగు, బయటికి పోయే పైపు అడుగు, కాలువ అడుగు, వాన పడుతున్నప్పుడు కాలువలో నీళ్ల మట్టం. నాలుగోదాన్ని వాన రోజునే చూడాలి. కాలువ గోడ మీద పెయింటుతో గీత పెట్టుకుంటే తర్వాత తీరిగ్గా కొలుచుకోవచ్చు.

ఉదాహరణకి బయటికి పోయే పైపు అడుగు నేలకి 18 అంగుళాల కింద ఉందనుకోండి. లోపలికొచ్చే పైపు దానికంటే 2 అంగుళాలు ఎత్తులో ఉండాలి కాబట్టి అది 16 అంగుళాల కింద ఉంటుంది. కాలువ అడుగు 20 అంగుళాల కింద ఉంది. మామూలు రోజున కాలువలో రెండంగుళాల నీళ్లు పారుతుంటే మీ నీళ్లు ఎలాగోలా పోతాయి. వానకి కాలువలో 14 అంగుళాలు లేచాయంటే ఆ మట్టం మీ నేలకి 6 అంగుళాల కిందకి వచ్చేసింది. అంటే బయటికి పోయే పైపు అడుగుకి 12 అంగుళాల ఎత్తున కాలువ నీళ్లు నిలబడ్డాయి. ట్యాంకులోనూ నీళ్లు ఆ మట్టానికే లేస్తాయి, లెట్రిన్ నుంచి వచ్చే 4 అంగుళాల పైపు పూర్తిగా మునిగిపోతుంది. ఆ సమయంలో ఒక బకెట్టు నీళ్లు పోస్తే అన్నిటికంటే పల్లంలో ఉన్న నోటిలోంచి, అంటే బాత్‌రూమ్ జాలీలోంచి పైకొస్తాయి. మీకు జరుగుతున్నది అచ్చంగా ఇదే కావచ్చు. ఆ పరిస్థితిలో బండి తోడినకొద్దీ కాలువ నింపుతూనే ఉంటుంది.

కొలిచేటప్పుడు మీ గేటు ముందు ర్యాంపు కింద కూడా చూడండి. కాలువ అడుగున్నర వెడల్పు ఉంటే, బండి ఎక్కడానికి ర్యాంపు పోస్తూ కింద 6 అంగుళాల పైపు ఒక్కటి వేసి వదిలేసిన ఇళ్లు ప్రతి వీధిలో ఉంటాయి. అక్కడ పాల ప్యాకెట్లు, కొబ్బరి పీచు అడ్డం పడితే పై వైపు ఇళ్లన్నిటికీ కాలువ ఎదురు తంతుంది. ఆ ర్యాంపు మీ ఇంటిదైతే మీరే శుభ్రం చేయించుకోవాలి, కింది ఇంటివాళ్లదైతే మంచిగా చెప్పి చూడాలి. మొత్తం కాలువే పూడిపోయి ఉంటే వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువలు చూసే ఎమినిటీస్ కార్యదర్శికి కాగితం మీద రాసి ఇవ్వండి. మాటతో సరిపెట్టకండి. పూడిక ఎన్ని అంగుళాలుందో, వానకి నీళ్లు ఎంత లేచాయో, మీ పైపు ఎక్కడుందో ఆ కొలతలు రాసి ఫొటో జత చేస్తే ఫలానా చోట పని చెయ్యాలని వాళ్లకి తెలుస్తుంది. కాలువలో నాలుగంగుళాల పూడిక తీస్తే మీకు నాలుగంగుళాల మట్టం కలిసొచ్చినట్టే, అదీ ఖర్చు లేకుండా.

ఇక ఊట సంగతి. నది పక్క ఇసక నేలల్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఊట బాగా పైకి ఉంటుంది. పక్కింట్లో నుయ్యి ఉంటే నీళ్లు ఎన్ని అడుగుల కింద ఉన్నాయో తొంగి చూడండి. నాలుగైదడుగుల్లోనే ఉంటే మీ ట్యాంకు కింది భాగం ఊటలో మునిగి ఉన్నట్టే. కాలువా, ఊటా అన్నది తేల్చడానికి తేలిక పరీక్ష ఉంది. వాన తెరిపిచ్చి కాలువ తగ్గిన రాత్రి, బయటి పైపు కాలువలో దిగే చోట 4 అంగుళాల రబ్బరు ప్లగ్గు బిగించండి. మర తిప్పితే ఉబ్బి పట్టుకునే రకం హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక, మూత సందులోంచి ఒక కర్ర దించి నీటి మట్టం గుర్తు పెట్టుకోండి. పొద్దున్న ఎవరూ నీళ్లు వాడకముందే మళ్లీ చూడండి. మట్టం పెరగకపోతే ట్యాంకు గట్టిదే, దొంగ కాలువే. పెరిగితే గోడలు ఊరుతున్నాయి. 6 అడుగులకి 3 అడుగుల ట్యాంకులో ఒక్క అంగుళం పెరిగిందంటే 42 లీటర్లు వచ్చాయని లెక్క. చూడగానే ప్లగ్గు తీసెయ్యండి, మర్చిపోతే ఇంకో కథ అవుతుంది.

కాలువే కారణమని తేలితే మందు నాన్‌రిటర్న్ వాల్వు, అంటే నీళ్లని ఒక్క వైపుకే పోనిచ్చేది. ప్లంబర్లు ఎన్నార్వీ అంటారు. బోరు మోటారుకి పెట్టే స్ప్రింగు రకం తెచ్చి పెడతారు జాగ్రత్త. దానికి తెరుచుకోవడానికి ఒత్తిడి కావాలి, డ్రైనేజీ నీళ్లకి అంత తోపు ఉండదు. మీకు కావాల్సింది 110 ఎమ్మెమ్ పీవీసీ, లోపల తలుపులా వేలాడే ఫ్లాపు ఉండేది, పైన మూత విప్పి చెయ్యి పెట్టి శుభ్రం చేసుకునే వీలున్నది. దీన్ని ట్యాంకు తర్వాత, కాలువకి ముందు వెయ్యాలి. లెట్రిన్‌కీ ట్యాంకుకీ మధ్య వేస్తే మలం, గుడ్డపీలికలు ఫ్లాపులో ఇరుక్కుని అదే అడ్డమవుతుంది. వాల్వు మీద బాణం గుర్తు కాలువ వైపు ఉండాలి, ఫ్లాపు వేలాడే కీలు పై వైపు ఉండాలి. చుట్టూ అడుగున్నర చదరం ఛాంబరు కట్టి మూత పెట్టించండి. మట్టిలో పూడ్చిన వాల్వుని ఎవరూ మళ్లీ చూడరు, చూడని వాల్వు రెండో ఏడాదికి పనికిరాదు. ట్యాంకు నుంచి కాలువ దాకా పైపుకి పది అడుగులకి 2 అంగుళాల వాలు ఉంటే చాలు.

వాల్వుకీ ఒక పరిమితి ఉంది, షాపువాడు దాన్ని చెప్పడు. కాలువ ఎత్తులో ఉన్నంతసేపు అది మూసుకునే ఉంటుంది, అంటే మీ నీళ్లూ పోవు. ట్యాంకులో పైపు మట్టం నుంచి పై పలక దాకా ఒక అడుగు ఖాళీ ఉంటే మీకు దొరికేది 500 లీటర్ల చోటు, మీ ఇంటికి ఒక రోజు వాడకం. ముసురు మూడు రోజులు పట్టిందంటే పొదుపుగా ఉండాల్సిందే: వాషింగ్ మెషీన్ ఆపెయ్యాలి, గిన్నెలు కడిగిన నీళ్లు పెరట్లో పోసెయ్యాలి. శాశ్వతంగా మేలు చేసే పని ఇంకోటుంది. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు ట్యాంకులోకి పోకుండా విడగొట్టి, గల్లీ ట్రాపు (కాలువ వాసన వెనక్కి రాకుండా వంపులో నీళ్లు నిలిపే ముక్క) మీదుగా వేరే దారిన వదలండి. ట్యాంకుకి లెట్రిన్ ఒక్కటే మిగిలితే అదే చోటు రెండు మూడు రోజులకి సరిపోతుంది. ఆ రెండో పైపుకీ కాలువ దగ్గర ఒక ఫ్లాపు వాల్వు తప్పదు, లేకపోతే కాలువ ఆ దారిన వస్తుంది.

కాలువ వాన లేకపోయినా మీ పైపు కంటే ఎత్తులోనే ఉంటుందని కొలతలో తేలితే వాల్వు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, దాంతో పని జరగదు. అప్పుడు ట్యాంకు పక్కన చిన్న గుంట కట్టి, బయటికొచ్చే నీళ్లని అందులో పట్టి, నీళ్లు లేవగానే దానంతటదే ఆన్ అయ్యే ఫ్లోటు స్విచ్చి ఉన్న అర హార్స్‌పవర్ సీవేజీ పంపుతో ఎత్తి పోయాలి. పంపు పైపుని కాలువ పైమట్టం కంటే ఎత్తుకి లేపి వంచి దించాలి, వైరింగుకి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించాలి. కానీ మన జిల్లాల్లో గట్టి వానంటే కరెంటు పోవడమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో అందరికీ గుర్తే. అందుకే పంపు ఆఖరి మార్గం. అంతకంటే ఇంకెప్పుడైనా ఇల్లు బాగుచేయించుకునే ఆలోచన ఉంటే బాత్‌రూమ్, లెట్రిన్ నేలని ఒక అడుగు లేపించుకోవడం నయం.

ఊటే కారణమైతే లెక్క మారుతుంది. అప్పుడు మీ మేస్త్రి చెప్పిన కొత్త ట్యాంకు మాటకి అర్థముంది, కానీ పాతదాని పక్కన రెండోది కాదు, పాతదాని బదులు నీరు చొరనిది. పాత ట్యాంకులో మనిషిని దింపి ప్లాస్టరింగ్ చేయిస్తామంటారు, ఒప్పుకోకండి. కారణం కింద చెబుతాను. ప్లాస్టిక్ ట్యాంకు పెట్టిస్తే అడుగున కాంక్రీటు పలక పోయించి దానికి పట్టీలతో కట్టించాలి. లేకపోతే ఊట ఎక్కువున్నప్పుడు తోడించగానే ట్యాంకు పైకి తేలి పైపులన్నీ విరిగిపోతాయి. ఒరల ట్యాంకైనా, ఇటుక ట్యాంకైనా సరే, ముసురులో అడుగంటా తోడించకూడదు. బయటి నీటి తోపుకి అడుగు పగులుతుంది. మీరు మొన్న మొత్తం తోడించామన్నారు కాబట్టి వేసవిలో ఒకసారి పగుళ్లు చూపించుకోండి, పైనుంచే టార్చి వేసి.

ఇంకుడు గుంత సంగతి అడిగేవాళ్లుంటారు. నిజానికి ట్యాంకు నీళ్లు పోవాల్సింది ఇంకుడు గుంతలోకే, వీధి కాలువలోకి కాదు. కానీ గుంత అడుగుకీ ఊటకీ మధ్య కనీసం 6 అడుగుల పొడి మట్టి ఉంటేనే ఇంకుతుంది, తాగే నూతికి 18 మీటర్ల దూరం ఉండాలి. విజయనగరం వైపు మెరక ఎర్రనేలల్లో, పెరడున్న ఇళ్లకి అది బాగా పనిచేస్తుంది. మీ నది ఒడ్డున వానాకాలంలో అది నీళ్ల తొట్టి అవుతుంది తప్ప ఇంకదు.

ఇక ప్లంబరు చెప్పిన యాసిడ్. అది గుడ్డని కరిగించదు, ప్లాస్టిక్‌ని కరిగించదు, ఇసకని కరిగించదు, కాలువ మట్టాన్ని అంతకన్నా దించదు. ట్యాంకులో మలాన్ని అరిగించే సూక్ష్మజీవుల్ని మాత్రం చంపుతుంది. కుళ్లిన మడ్డి మీద పడితే హైడ్రోజన్ సల్ఫైడు విషవాయువు లేస్తుంది, బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే క్లోరిన్ లేస్తుంది. తర్వాత ఛాంబరు తెరిచినవాడి మొహాన చిందేదీ అదే. బాబాయిగారి సలహా ఇంకా ప్రమాదం. ట్యాంకు తీసేసి పైపు నేరుగా కలిపితే ఇవాళ ట్యాంకులో ఆగుతున్న కాలువ నీళ్లు రేపు నేరుగా మీ లెట్రిన్ బేసిన్‌లోకే వస్తాయి. మీ మలం వీధిలో పారుతుంది, మున్సిపాలిటీవాళ్లు పట్టుకుంటే జరిమానా వేరే.

వాన లేని రోజుల్లో కూడా దిగకపోతే అది వేరే జబ్బు, పైపులో అడ్డం. వాష్‌బేసిన్ ఒక్కటే ఆగితే దాని కింది ట్రాపులో వెంట్రుకలు, సబ్బు. కింద ఉన్నవన్నీ ఒకేసారి ఆగితే మెయిన్ లైను. ఇంటి దగ్గరున్న ఛాంబరు నుంచి ట్యాంకు దాకా వరసగా మూతలు తీయండి. నిండి ఉన్న ఛాంబరుకీ ఎండిన ఛాంబరుకీ మధ్య పైపులోనే అడ్డం ఉంటుంది. వెదురు బద్దని ఎండిన ఛాంబరు వైపునుంచి పైకి పొడవాలి. అప్పుడు అడ్డం కదలగానే నీళ్లే దాన్ని తోసుకొస్తాయి, మీరు పక్కకి తప్పుకుంటే చాలు. పై నుంచి పొడిస్తే ఇంకా బిగుసుకుంటుంది. ఛాంబర్లన్నీ నిండి, ట్యాంకులో మట్టం మామూలుగానే ఉంటే, లోపలికొచ్చే పైపు చివరున్న టీ ముక్క (T ఆకారపు పైపు ముక్క) తెట్టుతో మూసుకుపోయింది. టీ పై నోట్లోంచి కర్రతో పొడిస్తే విడుతుంది. శానిటరీ ప్యాడ్లు లెట్రిన్‌లో వెయ్యకూడదని ఇంట్లో ఆడపిల్లలకి చెప్పండి. అవి నీళ్లు పీల్చి ఉబ్బి, వంపు దగ్గర కూర్చుంటాయి.

ఏది చేసినా ఎవరూ ట్యాంకులోకి దిగకూడదు. ఖాళీ ట్యాంకైనా సరే. హైడ్రోజన్ సల్ఫైడు మోతాదు పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, వాసన లేదు కదా అని దిగినవాడు అక్కడే పడిపోతాడు, తీయబోయినవాడూ పడిపోతాడు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని ట్యాంకు శుభ్రం చేయడానికి దింపితే, దింపించినవాళ్లకి మొదటిసారే రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. ఇంటి యజమాని కూడా అందులోకి వస్తాడు. మూత తీశాక అరగంట గాలి పోనివ్వండి, దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, పిల్లల్ని లోపల కూర్చోబెట్టండి. పని కావాలంటే యంత్రంతో లాగే బండే, దానికి జాతీయ హెల్ప్‌లైన్ 14420.

బండిని పిలవాల్సిన కాలం ఏప్రిల్, మే. ఊట కిందికి దిగి ఉంటుంది. పిలవాలో అక్కర్లేదో తెలియడానికి పొడుగాటి వెదురుకి కింద మూడడుగుల మేర తెల్ల గుడ్డ చుట్టి, ట్యాంకు అడుగు తగిలేదాకా దించి, అయిదు నిమిషాలుంచి నెమ్మదిగా తీయండి. గుడ్డకి నల్లగా అంటిన మేర మడ్డి ఉన్నట్టు. నీటి లోతులో మూడో వంతు దాటితే తోడించండి, లేకపోతే డబ్బులు మిగుల్చుకోండి. మామూలుగా రెండు మూడేళ్లకి ఒకసారి చాలు.

ఈలోగా మళ్లీ వాన పట్టి జాలీ తన్నిందంటే, నీళ్లు వాడటం వెంటనే ఆపి, జాలీ తీసి 3 అంగుళాల రబ్బరు ప్లగ్గు బిగించండి. అది లేకపోతే మందపాటి పాలిథిన్ సంచిలో ఇసక నింపి నోటి మీద అదిమి పెట్టండి. నీళ్లు దిగాక నేలని ముందు సబ్బుతో కడిగి, తర్వాత లీటరు నీళ్లకి ఒక పెద్ద చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలిపి చల్లి పది నిమిషాలుంచి కడగండి. ముందు సబ్బు తప్పనిసరి, మురికి మీద బ్లీచింగ్ పనిచెయ్యదు. ఇంట్లో నేల కింద సంపు ఉండి, దాని మూత ఆ నీళ్లలో మునిగి ఉంటే సంపులో నీళ్లన్నీ పారబోసి దాన్ని కడగాల్సిందే.

వాల్వు పెట్టించాక మొదటి గట్టి వానకి గొడుగు పట్టుకుని వెళ్లి, దాని ఛాంబరుకి రెండు వైపులా మట్టం చూడండి. కాలువ వైపు నీళ్లు ఎత్తుగా, ట్యాంకు వైపు తక్కువగా ఉంటే వాల్వు పట్టినట్టు. రెండు వైపులా ఒకే మట్టముంటే మూత విప్పి ఫ్లాపు కింద చూడండి, పాల ప్యాకెట్టు ముక్కో, సబ్బు తెట్టో ఇరుక్కుని ఉంటుంది.